మంచి స్పీకర్లు వచ్చాయి, నాన్నకి మాత్రం వయొలిన్ గీరుకుంటోంది

విజయనగరం నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆయన చెప్పిన సంగతి క్లుప్తంగా ఇది.

ఆయనకి 47 ఏళ్లు. ఉద్యోగం, భార్య, ఈ ఏడు ఇంజనీరింగ్‌లో చేరబోతున్న కూతురు, 78 ఏళ్ల తండ్రి. ఆ పెద్దాయన బడిలో లెక్కలు చెబుతూనే సాయంత్రాలు మహారాజా సంగీత కళాశాలకి వెళ్లి వయొలిన్ నేర్చుకున్నారు. ఇప్పుడు వేళ్లు వణుకుతున్నాయి, కమాను పట్టలేరు. వినడం ఒక్కటే మిగిలింది. అది చూసి అమెరికాలో ఉన్న అప్ప, బావ కిందటేడు ఇంటికి వచ్చినప్పుడు కేఈఎఫ్ ఎల్ఎస్50 మెటా స్పీకర్లు ఒక జత ఇక్కడే కొనిచ్చి వెళ్లారు. ఇంట్లో పదేళ్ల నాటి హోమ్ థియేటర్ రిసీవర్ ఉంది. దానితో వచ్చిన బుల్లి స్పీకర్లూ, సబ్‌వూఫరూ ఎప్పుడో పాడయ్యాయి. కొత్త స్పీకర్లని ఆ రిసీవర్‌కే తగిలించి, హాల్లో టీవీ షోకేసు అరల్లో అటొకటి ఇటొకటి పెట్టారు. హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కింద టైల్స్, పైన స్లాబు, గోడలకి ఏమీ లేవు. నాన్నగారి కుర్చీ స్పీకర్లకి తొమ్మిదడుగుల దూరంలో ఉంటుంది.

వినపడేది ఇలా ఉందట. పాడేవాళ్ల గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. మృదంగం ఎడమవైపు దెబ్బ ఆనడం లేదు. కాస్త పెంచితే వయొలిన్ గీరుకుంటుంది. ఇంకాస్త పెంచితే రిసీవర్ తనంతట తనే ఆగిపోతుంది. "ఇది వయొలిన్ కాదురా, గోడమీద మేకు పెట్టి గీసినట్టుంది" అని నాన్నగారు మళ్లీ ఫోను చెవి దగ్గర పెట్టుకుని వినడం మొదలుపెట్టారు.

విశాఖపట్నంలో ఒక షాపులో అడిగితే, ఈ స్పీకర్లకి 200 వాట్స్ యాంప్ (స్పీకర్లని నడిపే పెట్టె, ఇప్పుడా పని రిసీవరే చేస్తోంది) లేకపోతే దండగ అన్నారు. ఒక స్నేహితుడు వయొలిన్ వినాలంటే పాతకాలపు గాజు బుడ్లతో నడిచే వాల్వ్ యాంపే కొనాలన్నాడు. బావగారు సిరిమానోత్సవానికి వచ్చేటప్పుడు అక్కడి నుంచి మంచిది పట్టుకొస్తానంటున్నారు. భార్య మాత్రం 60 వేలు దాటితే కుదరదని ముందే చెప్పారు, అమ్మాయి ఫీజు కట్టాలి కదా. ఉత్తరం చివర ఆయన రాసిన మాటలు ఇవి: "బావ మాట కాదంటే అప్ప నొచ్చుకుంటుంది. ఔనంటే ఆ వస్తువు మన కరెంటుకి పనిచేస్తుందో లేదో తెలీదు. నేనే కొంటే, అదీ గీరుకుంటే మా ఆవిడకి ఏం చెప్పను? నాన్నకి ఎన్నాళ్లు టైముందో తెలీదు. రాత్రిళ్లు ఇదే టెన్షన్."

మీ ఉత్తరంలో నలుగురి సలహాలు ఉన్నాయి. అన్నిటికన్నా నాకు పనికొచ్చింది నాన్నగారి మాట. ఆయన ఊరికే బాగోలేదని ఊరుకోలేదు. గొంతు డబ్బాలా ఉంది, మృదంగం ఎడమ ఆనడం లేదు, పెంచితే వయొలిన్ గీరుతోంది అని మూడు విడివిడి తప్పులు పట్టుకున్నారు. ముప్పయ్యేళ్లు యాంప్‌లు విప్పి బాగుచేసిన నాకు, మీటరు పెట్టి చూసినా ఇంతకన్నా స్పష్టంగా తెలిసేది కాదు. ఈ మూడింటికీ కారణం ఒకటే అయ్యుండదని నా అనుమానం. అందులో యాంప్‌ది ఒక వాటా మాత్రమే. కొత్త యాంప్ కొని ఇదే షోకేసులో పెడితే, మీరు భయపడ్డట్టే అదీ నాన్నగారికి నచ్చకపోవచ్చు. కాబట్టి ఒక ఆదివారం నాకివ్వండి. ఖర్చు లేని పనులు ముందు చేద్దాం.

మొదట మృదంగం సంగతి. మీ రిసీవర్ అయిదు చిన్న స్పీకర్లూ ఒక సబ్‌వూఫరూ ఉన్న సెట్టు కోసం తయారైంది. అలాంటి వాటిలో చిన్న స్పీకర్లు లోతైన శబ్దాన్ని మోయలేవని ఒక గీత గీసి ఉంచుతారు. ఆ గీత కిందిదంతా సబ్‌వూఫర్‌కి పంపుతారు. బుల్లి స్పీకర్ల సెట్లలో ఆ గీత 120 హెర్ట్జ్, 150 హెర్ట్జ్ దగ్గర కూడా ఉంటుంది. మీరు సబ్‌వూఫర్ తీసేశారు, కానీ ఆ మాట రిసీవర్‌కి ఎవరూ చెప్పలేదు. అది ఇప్పటికీ మృదంగం ఎడమ నాదాన్ని లేని సబ్‌వూఫర్‌కి పంపుతూ ఉండొచ్చు. రిమోట్‌లో సెటప్‌కి వెళ్లి స్పీకర్ల సైజు 'లార్జ్' అనీ, సబ్‌వూఫర్ 'నో' అనీ పెట్టండి. సరౌండ్, హాల్, మూవీ లాంటి మోడ్‌లన్నీ తీసేసి 'స్టీరియో' గానీ 'డైరెక్ట్' గానీ ఎంచుకోండి. చాలా ఇళ్లలో ఈ ఒక్క పనికే పెద్దవాళ్ల మొహాలు విప్పారడం చూశాను.

ఇక డబ్బా గొంతు. ఎల్ఎస్50 మెటాకి వెనకవైపు గాలి గొట్టం ఉంటుంది. లోతైన శబ్దంలో కొంత అక్కడి నుంచే రావాలి. దాన్ని మూడు వైపులా చెక్క ఉన్న అరలో దోపితే ఆ గాలి అరలోనే సుడి తిరుగుతుంది. షోకేసు మొత్తం ఒక పెట్టెలా మోగుతుంది, గొంతుకి ఆ పెట్టె రంగు అంటుకుంటుంది. స్పీకర్లని బయటికి తీయండి. ఇప్పటికి ఏవైనా రెండు గట్టి స్టూళ్లు చాలు. గోడకి అడుగు, అడుగున్నర ఎడం ఉంచండి. రెండింటి మధ్య ఆరేడు అడుగులు ఉండాలి. నాన్నగారు కుర్చీలో కూర్చుంటే చెవి ఎంత ఎత్తులో ఉంటుందో స్పీకర్ మధ్య భాగం అంత ఎత్తుకి రావాలి. ఈ స్పీకర్లో పై స్థాయిలు పలికే ట్వీటర్ అనే చిన్న భాగం, కింది స్థాయిలు పలికే వూఫర్‌కి నడిమధ్యలోనే ఉంటుంది కాబట్టి ఎత్తు చూసుకోవడం తేలిక. ఫలితం బాగుంటే తరవాత ఊళ్లో వెల్డింగ్ షాపులో ఇనుప స్టాండ్లు చేయించుకోవచ్చు.

తీగలు ఊడదీసినప్పుడు ఎరుపు ఎరుపుకీ, నలుపు నలుపుకీ ఉన్నాయో లేదో రెండు చివరలా చూడండి. ఒకవైపు తిరగబడితే గొంతు మధ్యలో నిలబడదు, లోతు చచ్చిపోతుంది. దీనికి మీ ఇంట్లోనే మంచి పరీక్ష ఉంది. నాన్నగారి దగ్గర ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత రికార్డులు ఉన్నాయని రాశారు. 1919లో ఆ కళాశాల మొదలైనప్పుడే వయొలిన్ చెప్పడానికి వచ్చి, 1936లో దానికి ప్రిన్సిపాల్ అయిన మనిషి ఆయన. ఆ కాలపు 78 ఆర్‌పీఎం రికార్డులన్నీ మోనో. అంటే రెండు స్పీకర్లలోంచీ ఒకటే శబ్దం రావాలి. తీగలు సరిగ్గా ఉంటే, కళ్లు మూసుకున్నప్పుడు వయొలిన్ రెండు స్పీకర్ల నడుమ ఖాళీ జాగాలోంచి వినపడుతుంది. గదంతా పరుచుకున్నట్టు, ఎక్కడినుంచో తెలియనట్టు ఉంటే ఒక తీగ తిరగబడిందని అర్థం.

ఆ రికార్డుల గురించి ఇంకో మాట. వాటిలో వినపడే సర్రుమనే చప్పుడు ఆ రికార్డులోనే ఉంది. ఏ యాంప్ పెట్టినా అది పోదు. మంచి స్పీకర్లలో ఇంకా స్పష్టంగా వినపడుతుంది కూడా. కొత్తది కొన్న రోజు ఆ చప్పుడు విని గాబరాపడకండి. బేరీజు వేయడానికి ఈ మధ్య రికార్డైన కచేరీ ఒకటి పెట్టుకోండి.

గీరుడులో గదికీ వాటా ఉంది. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. 'టంగ్' మని రేకు మోగినట్టు తోక వినపడితే, వయొలిన్‌కీ ఆ తోక తగులుతుంది. టైల్స్ మీద జంపఖానా పరిచి, నాన్నగారి కుర్చీ వెనక గోడకి ఒక మందపాటి దుప్పటి తాత్కాలికంగా వేలాడదీయండి. మళ్లీ చప్పట్లు కొడితే తేడా మీకే తెలుస్తుంది.

రిసీవర్ ఆగిపోవడం వీటన్నిటికన్నా ముఖ్యం. అది తనని తాను కాపాడుకుంటోంది. అలా మాటిమాటికీ ఆగిపోయేదాకా తీసుకెళ్లకండి. వెనక స్పీకర్ తీగల పోగులు ఒకటికొకటి తగులుతున్నాయేమో చూడండి. ఒక్క పోగు తగిలినా ఆగిపోతుంది. రిసీవర్ కూడా షోకేసులోనే ఉండి, పైన లేసు గుడ్డ కప్పి ఉంటే తీసేయండి. దానికి పైన జానెడు ఖాళీ, వెనక గాలి ఆడాలి. మే నెలలో మన ఊళ్లలో మూసిన అరలో పెట్టిన యాంప్ మీద చెయ్యి పెట్టలేం.

ఇవన్నీ చేశాక కూడా నాన్నగారు వినే మోతాదులోనే ఆగిపోతుంటే, గీరుతుంటే, అప్పుడు కొత్త యాంప్ మాట. అప్పటికీ కాస్త తగ్గించి వింటే హాయిగా ఉందని ఆయన అంటే, ఈ ఏడు ఏమీ కొనకపోవడం కూడా ఒక దారే. అమ్మాయి ఫీజు కట్టేసి వచ్చే ఏడు చూసుకోవచ్చు. రిసీవర్‌ని గట్టిగా నడపకూడదన్న హద్దు ఒక్కటి గుర్తుంచుకోవాలి.

నా అంచనా అడిగితే, మీరు చివరికి యాంప్ కొంటారు. ఎందుకో చెప్తాను. ఈ స్పీకర్ మీద 8 ఓమ్‌లని రాసి ఉంటుంది. ఓమ్ అంటే కరెంటుకి ఉన్న అడ్డంకి కొలత, అంకె తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది. కానీ అది అన్ని స్థాయిల్లోనూ 8 ఓమ్‌ల దగ్గరే ఉండదు. కొన్ని చోట్ల 3.5 ఓమ్‌లకి దిగుతుందని కేఈఎఫ్ వాళ్లే చెబుతారు. ఇంట్లో ట్యాంకు నీళ్లతో పోల్చి చూడండి. ఒత్తిడి అంతే ఉంది, కానీ కుళాయి రెట్టింపు కన్నా ఎక్కువ తెరుచుకుంది. అన్ని నీళ్లు అందించే సత్తా ట్యాంకుకీ పైపుకీ ఉండాలి. 8 ఓమ్‌లలోకి 40 వాట్స్ ఇవ్వాలంటే దాదాపు 18 వోల్టులు, రెండుంబావు ఆంపియర్లు చాలు. అదే 18 వోల్టుల దగ్గర స్పీకర్ 3.5 ఓమ్‌లకి దిగితే అయిదు ఆంపియర్ల పైన లాగుతుంది. అయిదు ఛానెళ్లని ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపే పాత సెట్టు ఆ కరెంటు ఇవ్వలేక శబ్దపు అల పైభాగాన్ని కోసేస్తుంది. కోసిన అల చెవికి గరుగ్గా తగులుతుంది. నాన్నగారి మేకు అదే అయ్యుండొచ్చు.

అలా కోసిన అల ట్వీటర్లకి ప్రమాదం. ఇది నా చేత్తో నేను చేసిన తప్పు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. కుర్రతనంలో ఒక సంక్రాంతికి 15 వాట్ల యాంప్‌ని తెరిచినంత తెరిచి, మా మేనమామ ఎంతో ఇష్టంగా కొనుక్కున్న స్పీకర్ల ట్వీటర్లు రెండూ కాల్చేశాను. చిన్న యాంప్ స్పీకర్లని ఏం చేస్తుందిలే అనుకున్నాను. తన శక్తికి మించి అరిపించిన చిన్న యాంపే తీరిగ్గా నడిచే పెద్ద యాంప్ కన్నా ఎక్కువ స్పీకర్లని చంపుతుంది.

అయితే 200 వాట్స్ కావాలా? లెక్క వేద్దాం. మీ స్పీకర్ ఒక వాట్‌కి, మీటరు దూరంలో 85 డెసిబెల్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) ఇస్తుంది. ఇది కాస్త తక్కువే. తొమ్మిదడుగుల దూరం వెళ్లేసరికి ఆరుబయట అయితే తొమ్మిది డెసిబెల్ పోతుంది. గోడలు కొంత తిరిగిస్తాయి, రెండో స్పీకర్ కొంత కలుపుతుంది. నాన్నగారి కుర్చీ దగ్గర వాట్‌కి సుమారు 80 డెసిబెల్ అనుకుందాం. కచేరీ నిండుగా వినపడాలంటే సగటున 70, 75 చాలు. అంటే ఎక్కువసేపు మీ యాంప్ అర వాట్ కూడా ఖర్చు పెట్టదు. మిగతా వాట్స్ అన్నీ తని ఆవర్తనంలో మృదంగం ముక్తాయింపు కొట్టే ఆ క్షణాల కోసం. సగటు కన్నా 15, 20 డెసిబెల్ పైకి లేస్తాయి ఆ దెబ్బలు. ప్రతి 3 డెసిబెల్‌కీ వాట్స్ రెట్టింపు కావాలి. 10 వాట్స్‌కి 90, 20కి 93, 40కి 96. 45 వాట్స్ యాంప్‌తో మీ హాల్లో 96 డెసిబెల్ దాకా చెదరకుండా వస్తుంది. ఆ 200 వాట్స్‌ది కొంటే ఆరు డెసిబెల్ పైచిలుకు ఎక్కువొస్తుంది, కానీ మీ ఇంట్లో ఆ మెట్టు ఎవరూ ఎక్కరు. కంపెనీ కూడా ఈ స్పీకర్లకి 40 నుంచి 100 వాట్స్ యాంప్ చాలంటోంది.

వాట్స్ అంకె చూసేటప్పుడు దాని పక్కన ఏం రాశారో చూడండి. టేప్‌రికార్డర్ల కాలంలో పీఎంపీఓ అని వేలకి వేల వాట్స్ అట్టపెట్టెల మీద వేసేవారు, గుర్తుందా? ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. '6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్' (అంటే శబ్దం అంత చెదిరాక) దగ్గర కొలిచిన 100 వాట్స్, '8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు ఛానెళ్లూ నడుస్తూ' కొలిచిన 50 వాట్స్ ముందు నిలవకపోవచ్చు. ఇంకా మంచి గుర్తు ఒకటుంది. 8 ఓమ్‌లకీ 4 ఓమ్‌లకీ విడివిడిగా అంకెలు ఇచ్చారా, 4 దగ్గర అంకె బాగా పెరిగిందా అని చూడండి. డెనాన్ పీఎంఏ-600ఎన్ఈకి 8 ఓమ్‌లలో 45, నాలుగులో 70. మరాంట్జ్ పీఎం6007కి 45, 60. కేంబ్రిడ్జ్ ఆడియో సీఎక్స్ఏ81కి 80, 120, కానీ అది మీ హద్దు దాటిపోతుంది. ఈ మోడళ్లు మారుతుంటాయి, పేర్ల కన్నా ఆ రెండు అంకెల సంబంధమే చూడండి. 4 ఓమ్‌ల అంకె అసలు చెప్పకుండా దాటేసిన యాంప్‌ని మీ స్పీకర్లకి నేనైతే తీసుకోను.

మీ ముందున్న దారుల్లో మొదటిది ఇలాంటి రెండు ఛానెళ్ల మామూలు ఇంటిగ్రేటెడ్ యాంప్ (నాబ్‌లూ, స్పీకర్లని నడిపే భాగమూ ఒకే పెట్టెలో ఉండేది), ఏబీ క్లాస్ అనే పాత పద్ధతిది, మన దేశంలో వారంటీతో. బరువుంటుంది, వేడెక్కుతుంది, చోటు కావాలి. కానీ లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, విడి భాగాలు ఉంటాయి. పదిహేనేళ్ల తరవాత పాడైనా విశాఖలో ఎవరో ఒకరు విప్పి బాగుచేయగలరు. బాస్, ట్రెబుల్ నాబ్‌లు ఉన్నదే తీసుకోండి. స్వచ్ఛమైన శబ్దానికి అవి అడ్డని కొందరంటారు. మీ ఇంట్లో వినేది 78 ఏళ్ల చెవి, ఆ నాబ్‌లు కావాలి.

రెండోది డి క్లాస్ యాంప్, కరెంటుని చాలా వేగంగా ఆపుతూ వదులుతూ పనిచేసేది. పుస్తకమంత ఉంటుంది, తీసుకున్న కరెంటులో 90 శాతం దాకా స్పీకర్లకే పంపుతుంది, పెద్దగా వేడెక్కదు. విమ్ యాంప్ లాంటివాటిలో నెట్ నుంచి పాటలు తీసుకునే ఏర్పాటూ లోపలే ఉంటుంది, వాట్స్ కూడా 8 ఓమ్‌లలో 60, నాలుగులో 120. మీ డబ్బులో కొంత మిగిలే అవకాశం ఈ దారిలోనే ఎక్కువ. ఇంకా చవగ్గా దొరికే బుల్లి పెట్టెల్లో కొన్ని, 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచిన అంకెలు వేస్తాయి, అవి వద్దు. పాడైతే లోపలి బోర్డు మొత్తం మార్చాల్సి రావచ్చు, అది దొరక్కపోవచ్చు. ఇంకో సంగతి, ఫోన్ ఆప్‌తో నడిచేది నాన్నగారు ఒంటరిగా ఉన్నప్పుడు పెట్టుకోగలరా? తిప్పితే పెరిగే నాబ్ ఒకటి ఆయన చేతికి అందాలి. నా మొగ్గు మొదటి దారి వైపే, కానీ డబ్బు ఇరుకుగా ఉంటే రెండోదాన్ని మనస్ఫూర్తిగా తీసుకోండి.

మీ స్నేహితుడు చెప్పిన వాల్వ్ యాంప్ అందం నాకు తెలుసు. వయొలిన్ దానిలో నిజంగా తియ్యగా ఉంటుంది. కానీ అందుబాటు ధరలో దొరికేవి పది, పన్నెండు వాట్స్. 85 డెసిబెల్ స్పీకర్‌తో, 3.5 ఓమ్‌ల లోయతో వాటికి పడదు. పైగా స్పీకర్ ఓమ్‌లు మారినకొద్దీ వాల్వ్ యాంప్ స్వరం రంగు కూడా మారుతుంది. ఎండాకాలంలో హాల్లో ఇంకో పొయ్యి వెలిగినట్టుంటుంది, చేతులు వణికే పెద్దాయన పక్కన చుర్రుమనే గాజు బుడ్లు నాకు ఇష్టం లేదు. వాట్‌కి 95 డెసిబెల్ ఇచ్చే స్పీకర్లు ఉన్న ఇంటికైతే మీ స్నేహితుడి మాటే నేనూ సంతోషంగా చెప్పేవాణ్ణి.

సెకండ్‌హ్యాండ్‌లో పాత మంచి యాంప్ దొరికితే తప్పులేదు. 1970ల చివర వచ్చిన ఎన్ఏడీ 3020ని 20 వాట్స్‌తోనే ప్రపంచమంతా మెచ్చుకుంది. అయితే అంత పాతవాటిలో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, సముద్రపు గాలికి నాబ్‌లు గరగరమంటాయి. స్పీకర్ తగిలించే ముందు అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటరుతో డీసీ చూడాలి, 50 మిల్లీవోల్టుల లోపుండాలి. ఇది తెలిసిన మనిషి పక్కన లేకపోతే ఆ దారి వద్దు.

ఇక బావగారు. ఉత్తరంలో మీరు ఎక్కువ బరువు మోస్తున్నది ఇక్కడే అనిపించింది. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడ కొన్న యాంప్ వెనక '120 వోల్టులు, 60 హెర్ట్జ్' అని మాత్రమే ఉంటే, ఇక్కడ నేరుగా ప్లగ్ పెట్టిన క్షణంలో పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు. కానీ అది వోల్టులే తగ్గిస్తుంది, హెర్ట్జ్ మార్చదు. 60కి మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర ఎక్కువ వేడెక్కుతుంది, కొన్ని గుయ్యిమంటాయి. పది కిలోల సామాను, కస్టమ్స్ సుంకం, ఇక్కడ వారంటీ వర్తించకపోవడం అదనం. '100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని యంత్రం వెనకే రాసి ఉన్న మోడల్ అయితే కరెంటు ఇబ్బందులు పోతాయి, బరువు, సుంకం, వారంటీ సంగతి మాత్రం మిగులుతాయి. కొనకముందు వెనకవైపు ఫోటో పంపమని అడగండి.

ఆయన్ని కాదనక్కర్లేదు. "బావా, మీరిచ్చిన స్పీకర్లకి ఇక్కడి కరెంటుకి సరిపోయే యాంప్ ఇక్కడే చూస్తాను, పాడైతే ఇక్కడే చూపించుకోవాలి కదా. మీరొచ్చేటప్పుడు నాన్న పాటలు పెట్టుకోవడానికి చిన్న స్ట్రీమర్ తెస్తారా?" అని అడిగి చూడండి. స్ట్రీమర్ అంటే నెట్ నుంచి పాటలు తీసుకుని యాంప్‌కి ఇచ్చే పెట్టె. అలాంటి చిన్న పరికరాల అడాప్టర్ల మీద సాధారణంగా 100 నుంచి 240 వోల్టులనే ఉంటుంది, జేబులో పట్టేంత బరువు. అది వద్దనుకుంటే, సిరిమానోత్సవానికి వచ్చినప్పుడు ఆయన్నే విశాఖ షాపుకి తీసుకెళ్లండి. ఎంపికలో ఆయన చెయ్యి కూడా ఉంటుంది. అప్పగారితో మీరే ముందు మాట్లాడండి. కారణం కరెంటని తెలిస్తే ఆవిడ నొచ్చుకోరనే నేననుకుంటున్నాను. కారణం చెప్పకుండా నాన్చితేనే మనుషులు నొచ్చుకుంటారు.

షాపుకి వెళ్లేటప్పుడు మీ స్పీకర్లు కారులో పెట్టుకుని వెళ్లండి, లేదా అదే మోడల్ అక్కడుందో ఫోన్‌లో కనుక్కోండి. నాన్నగారికి బాగా తెలిసిన మూడు కృతులు పట్టుకెళ్లండి. రెండు యాంప్‌లు పోల్చేటప్పుడు ఒకటి ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా మన చెవి దాన్నే మెచ్చుకుంటుంది. ఫోన్‌లో సౌండ్ మీటర్ ఆప్ పెట్టి రెండూ సమానం చేయమనండి. వారంలో నచ్చకపోతే మార్చుకునే షరతు బిల్లు మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక ఏ యాంప్ మోగుతోందో నాన్నగారికి చెప్పకుండా పాతదీ కొత్తదీ వినిపించండి, తీగలు మార్చే పని మీ ఆవిడకి ఇవ్వండి. ఆవిడ అడుగుతున్నది ఈ ఖర్చుకి ఏమొస్తుందన్న నమ్మకం. అది ఆవిడ కళ్లముందే తేలితే మీరు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

తీగలకి డబ్బు పోయకండి. ఇంట్లో ప్లగ్ పాయింట్లకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. అయిదు మీటర్ల దూరానికి రానూపోనూ దాని అడ్డంకి ఓమ్‌లో పదోవంతు కూడా ఉండదు.

కరెంటు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య వారం రోజులు ప్లగ్‌లో వోల్టులు చూసి రాసుకోండి. 210కీ 245కీ మధ్య ఉంటే స్టెబిలైజర్ అక్కర్లేదు. మూడో పిన్నుకి నిజమైన ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, చాలా ఇళ్లలో గుంత ఎండిపోయి ఉంటుంది. పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ గుయ్యిమంటుంది, కరెంటు పోయినప్పుడు ఆపేయడమే మేలు. ఉత్తరాంధ్రలో వేసవి సాయంత్రాలు ఉరుములు మొదలైతే స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకేయండి. టీవీ నుంచి యాంప్‌కి తీగ ఉంటే కేబుల్ టీవీ తీగ కూడా పీకండి, పిడుగు అటునుంచీ వస్తుంది.

చివరగా నాన్నగారి చెవుల గురించి. ఈ వయసులో పై స్థాయిలు తగ్గడం మామూలే. దానితోపాటే ఇంకోటి వస్తుంది: మెల్లని శబ్దం వినపడదు, కాస్త పెంచగానే అదే శబ్దం ఒక్కసారిగా భరించలేనంత అవుతుంది. ఆ గీరుడులో కొంత ఇక్కడిదీ కావచ్చు. ఒకసారి ఈఎన్‌టీ డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించండి. రెండు చెవుల్లో తేడా ఉంటే యాంప్‌లో బ్యాలెన్స్ నాబ్ కాస్త తిప్పితే గొంతు మళ్లీ మధ్యకి వస్తుంది. ఈ పరీక్ష మాట ఆయనతో జాగ్రత్తగా ఎత్తండి. జీవితమంతా శ్రుతి చూసుకున్న మనిషికి నీ చెవి పోయిందన్నట్టు వినపడకూడదు. స్పీకర్లు షోకేసులోంచి తీసి, మృదంగం ఎడమవైపు ఆయనకి తిరిగి వినపడిన రోజు సాయంత్రమైతే మంచిది.

ఆ ఆదివారం ఏం జరిగిందో, ఆయన ఏమన్నారో రాయండి. రిసీవర్ మోడల్ నంబరు కూడా పంపితే ఆ సెటప్ ఎక్కడుంటుందో వెతికి చెబుతాను.